రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పాత ఆప్షన్లు: నేటి ప్రోగ్రామింగ్‌లో వాటి ఉపయోగం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఆప్షన్లు ఎప్పుడు, ఎందుకు వచ్చాయో వివరించగలుగుతారు.
- పాత ఆప్షన్లలో నేటికీ పనికివచ్చేవి ఏవో, వదిలివేయవలసినవి ఏవో గుర్తించగలుగుతారు.
- తెలుగు లిపిలో ఉన్న సమాచారంపై ఆ ఆప్షన్లు ఎలా పనిచేస్తాయో చెప్పగలుగుతారు.

1. ప్రవేశిక

ఒక పెద్ద ఫైలులో మనకు కావలసిన పదాన్ని వెతకడం సులభం. కాని ఆ పదాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాసి ఉంటే మామూలు వెతుకులాట సరిపోదు. అప్పుడు పదానికి బదులు పదం రూపాన్ని, అంటే నమూనాను, కంప్యూటరుకు చెప్పాలి. ఆ నమూనానే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటాం. నమూనాను ఏ పద్ధతిలో పోల్చాలో చెప్పే చిన్న గుర్తులే ఆప్షన్లు. వీటినే ఫ్లాగులు, మాడిఫయర్లు అని కూడా అంటారు.

ఈ ఆప్షన్లలో చాలావరకు పాతికేళ్లకు పైబడినవి. పాత పుస్తకాలలో, పాత ప్రోగ్రాములలో ఇవి తరచుగా కనిపిస్తాయి. కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన విద్యార్థికి మొదట అప్పగించే పని చాలాసార్లు ఇతరులు ఎప్పుడో రాసిన ప్రోగ్రామును సరిచేయడమే. అందువల్ల పాతదంతా పనికిరాదని కొట్టివేయడం గాని, పాతదంతా అలాగే కంఠస్థం చేయడం గాని సరికాదు. దేనిని ఉంచుకోవాలి, దేనిని వదలాలి అన్నది ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

2. చారిత్రక నేపథ్యం

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ భావనను గణిత శాస్త్రవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో రూపొందించాడు. దానిని టెక్స్ట్ వెతకడానికి ఎలా వాడవచ్చో కెన్ థాంప్సన్ 1968లో ప్రచురించిన వ్యాసంలో చూపాడు. ఆయనే రాసిన గ్రెప్ అనే సాధనం 1973లో యూనిక్స్‌లో చేరింది. ఆ పేరులోని మొదటి అక్షరమైన 'జి', ఫైలు మొత్తంలో వెతకమని చెప్పే ఎడిటర్ ఆదేశం నుంచి వచ్చింది. అంటే 'జి' గుర్తు చరిత్ర గ్రెప్ కంటే పాతది.

లారీ వాల్ 1987లో పెర్ల్ భాషను విడుదల చేశాడు. 1994లో వచ్చిన పెర్ల్ 5తో 'ఎం', 'ఎస్', 'ఎక్స్' ఆప్షన్లు వాడుకలోకి వచ్చాయి. 1997లో ఫిలిప్ హేజల్ ప్రారంభించిన పీసీఆర్ఈ లైబ్రరీ ద్వారా పెర్ల్ పద్ధతి ఇతర భాషలకూ వ్యాపించింది. జావాస్క్రిప్ట్ ప్రమాణంలో 1999లో 'జి', 'ఐ', 'ఎం' అనే మూడు ఆప్షన్లు చేరాయి. 2015లో 'యు', 'వై', 2018లో 'ఎస్', 2024లో 'వి' వచ్చి చేరాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పెర్ల్‌లో 1994లోనే ఉన్న 'ఎస్' ఆప్షన్ జావాస్క్రిప్ట్‌కు 24 ఏళ్ల తరువాత వచ్చింది. ఒక ఆప్షన్ పాతదా, కొత్తదా అన్నది మనం వాడే భాషను బట్టి కూడా మారుతుంది.

3. ఉదాహరణ: చిరునామాల ఫైలు

ఒక అధ్యయన కేంద్రంలో విద్యార్థుల చిరునామాల ఫైలు ఉందనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాల విద్యార్థులను వేరుచేసి వారికి పరీక్షా కేంద్రాన్ని కేటాయించాలి. నమూనా తప్పిన ప్రతి వరుసా ఒక విద్యార్థి. జాబితాలో పేరు లేకపోతే హాల్ టికెట్ మరో చోటికి వస్తుంది.

ఫైలులో ఈ రూపాలు ఉన్నాయి:

ఎల్బీ నగర్, హైదరాబాద్ - 500074
ఎల్.బి.నగర్, 500 074
లాల్ బహదూర్ నగర్, రంగారెడ్డి జిల్లా
లాల్‌బహాదూర్ నగర్
దిల్‌సుఖ్‌నగర్, 500060
దిల్ సుఖ్ నగర్
దిల్సుక్ నగర్

ఇన్ని రూపాలు ఉండటానికి కారణాలున్నాయి. లాల్ బహదూర్ శాస్త్రి పేరిట ఏర్పడిన ప్రాంతాన్ని వాడుకలో ఎల్బీ నగర్ అంటున్నాం. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమయ్యే వరకు ఎల్బీ నగర్ వేరే మునిసిపాలిటీగా ఉండేది. అందుకే పాత కాగితాలలో ఒక విధంగా, కొత్త కాగితాలలో మరో విధంగా చిరునామా ఉంటుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ వరకు మెట్రో రైలు మొదలయ్యాక, స్టేషన్ బోర్డు మీద ఉన్న పేరునే చిరునామాలో రాసేవారూ ఉన్నారు.

పిన్ కోడ్ ఒక్కటే చూస్తే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. కొందరు పిన్ కోడ్ రాయరు. పక్కపక్కనే ఉన్న కాలనీలు ఒకే పిన్ కోడ్‌ను పంచుకుంటాయి. కాబట్టి పేరును కూడా చూడాలి.

4. నేటికీ నిలిచిన ఆప్షన్లు

4.1 'ఐ' ఆప్షన్: ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడాను పట్టించుకోవద్దని చెబుతుంది. ఫైలులో కొన్ని చిరునామాలు ఇంగ్లీషులో ఉంటే ఇది తప్పనిసరి. తెలుగు లిపిలో పెద్ద, చిన్న బడి భేదం లేదు కాబట్టి తెలుగు వరుసల మీద దీని ప్రభావం శూన్యం.

అయితే ఒక సందర్భంలో ఇది హాని చేస్తుంది. యూనికోడ్ వ్యాప్తికి ముందు, 1990లలో, విదేశాల్లోని తెలుగువారు ఇంటర్నెట్‌లో రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ప్రసిద్ధమైన లిప్యంతరీకరణ పద్ధతిలో రాసేవారు. అందులో చిన్న బడి ఎల్ 'ల'కారానికి, పెద్ద బడి ఎల్ 'ళ'కారానికి గుర్తు. అటువంటి పాత ఫైలుపై 'ఐ' ఆప్షన్ పెడితే 'కల', 'కళ' ఒకటే అయిపోతాయి. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లకూ ఇదే జాగ్రత్త అవసరం. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను అమర్చారు. పెద్ద బడి స్థానంలో ఒక ఆకృతి, చిన్న బడి స్థానంలో మరొకటి ఉంటాయి.

4.2 'ఎం' ఆప్షన్: ^ అనేది టెక్స్ట్ ఆరంభాన్ని, $ అనేది టెక్స్ట్ చివరను సూచిస్తాయి. 'ఎం' పెడితే అవి ప్రతి వరుస ఆరంభాన్ని, చివరను కూడా సూచిస్తాయి. ఫైలు మొత్తాన్ని ఒకేసారి చదివి, 500 ?074$ అనే నమూనాతో వరుస చివర పిన్ కోడ్ ఉన్న చిరునామాలను పట్టుకోవాలంటే ఇది కావాలి.

4.3 'ఎస్' ఆప్షన్: చుక్క గుర్తు మామూలుగా ఏ ఒక్క అక్షర సంకేతంతోనైనా సరిపోతుంది, కొత్త వరుస గుర్తుతో మాత్రం సరిపోదు. 'ఎస్' పెడితే దానితోనూ సరిపోతుంది. ఒకే చిరునామా మూడు నాలుగు వరుసలలో ఉన్నప్పుడు ఇది పనికివస్తుంది. కాని .* తో కలిపి వాడేటప్పుడు జాగ్రత్త. మొదటి విద్యార్థి ఇంటి నంబరు దగ్గర మొదలై చివరి విద్యార్థి పిన్ కోడ్ దగ్గర ఆగవచ్చు. .*? అని రాస్తే వీలైనంత తక్కువ దూరంలో ఆగుతుంది.

రూబీ భాషలో 'ఎం' అని రాస్తే పైన చెప్పిన 'ఎస్' పని జరుగుతుంది. ^, $ గుర్తులు అక్కడ ఎప్పుడూ ప్రతి వరుసకూ వర్తిస్తాయి. ఒక భాషలో నేర్చిన ఆప్షన్‌ను మరో భాషలో వాడే ముందు ఆ భాష మాన్యువల్ చూడటం ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

4.4 'ఎక్స్' ఆప్షన్: నమూనాను విడివిడి వరుసలలో, వ్యాఖ్యలతో రాసుకునే వీలు కల్పిస్తుంది. మన ఉదాహరణకు:

(
ఎల్ [. ]* బ [ిీ]     # ఎల్బీ, ఎల్.బి.
|
లాల్ [ ]* బహా?దూర్   # పూర్తి పేరు
)
[. ]* నగర్

ఆరు నెలల తరువాత మరొకరు ఈ ప్రోగ్రామును తెరిచినా నమూనా ఉద్దేశం అర్థమవుతుంది. పెర్ల్, పైథాన్, రూబీలలో ఈ ఆప్షన్ ఉంది. జావాస్క్రిప్ట్, గో భాషలలో లేదు. దీనిని వాడినప్పుడు నమూనాలోని ఖాళీలు లెక్కలోకి రావు. కాబట్టి నిజంగా ఖాళీ కావలసిన చోట పైన చూపినట్లు చదరపు కుండలీకరణంలో రాయాలి. జావాలో చదరపు కుండలీకరణంలోని ఖాళీ కూడా లెక్కలోకి రాదు. అక్కడ ఖాళీకి ముందు వెనుకగీత గుర్తు పెట్టాలి.

5. జాగ్రత్తతో వాడవలసినది: 'జి' ఆప్షన్

మొదటి పోలికతో ఆగకుండా అన్నింటినీ వెతకమని 'జి' చెబుతుంది. ఒక టెక్స్టులో ఉన్న పాత రూపాలన్నింటినీ కొత్త రూపంతో మార్చాలంటే ఇది అవసరమే. చిక్కు జావాస్క్రిప్ట్‌లో ఉంది. అక్కడ 'జి' ఉన్న నమూనా, కిందటిసారి పోలిక ఎక్కడ ముగిసిందో గుర్తుంచుకుంటుంది. ఆ నమూనానే టెస్ట్ అనే పద్ధతితో ఒక్కొక్క వరుస మీద వాడితే, తరువాతి వరుసను మొదటి నుంచి కాక ఆ గుర్తున్న స్థానం నుంచి వెతుకుతుంది.

మూడు వరుసలలోనూ 'ఎల్బీ నగర్' అని మాత్రమే ఉందనుకోండి. మొదటి వరుసకు 'అవును' అని జవాబు వస్తుంది. రెండో వరుసలో పేరు చివరి నుంచి వెతకడం వల్ల ఏమీ దొరకక 'కాదు' అని వస్తుంది, స్థానం మళ్లీ సున్నా అవుతుంది. మూడో వరుసకు మళ్లీ 'అవును'. ఈ విధంగా ఒకరిని విడిచి ఒకరు జాబితా నుంచి జారిపోతారు. ప్రోగ్రాము ఏ దోష సందేశమూ ఇవ్వదు. ఉందా, లేదా అని మాత్రమే తెలుసుకోవాలంటే 'జి' పెట్టకూడదు.

6. కాలం చెల్లిన ఆప్షన్లు

6.1 పెర్ల్‌లో 'ఓ': నమూనాలో వేరియబుల్ ఉన్నా ఒక్కసారే కంపైల్ చేయమని చెబుతుంది. కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో వేగం కోసం వాడేవారు. ఇప్పటి పెర్ల్, వేరియబుల్ విలువ మారకపోతే తనంతట తానే మళ్లీ కంపైల్ చేయదు. కాబట్టి లాభం పోయింది, ప్రమాదం మిగిలింది. ఒక లూప్‌లో మొదట దిల్‌సుఖ్‌నగర్‌ను, తరువాత ఎల్బీ నగర్‌ను వెతకమంటే, 'ఓ' ఉన్న నమూనా రెండోసారి కూడా దిల్‌సుఖ్‌నగర్‌నే వెతుకుతుంది.

6.2 పీహెచ్‌పీలో 'ఇ': దొరికిన భాగానికి బదులు పెట్టవలసిన టెక్స్టును ప్రోగ్రాముగా నడిపించేది. బయటివారు ఫారంలో రాసిన మాటలు సర్వర్ మీద ఆదేశాలుగా మారే అవకాశం ఉండటంతో దీనిని 5.5 సంచికలో నిరుత్సాహపరచి, 2015లో వచ్చిన 7.0 సంచికలో పూర్తిగా తొలగించారు. దీని స్థానంలో కాల్‌బ్యాక్ ఫంక్షన్ వాడాలి.

6.3 పైథాన్‌లో లొకేల్ ఆప్షన్: ఏది అక్షరమో, ఏది కాదో కంప్యూటర్ ప్రాంతీయ అమరికను బట్టి నిర్ణయిస్తుంది. 3.6 సంచిక నుంచి బైట్ల నమూనాలకే పరిమితమైంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మనకు దీనితో ప్రయోజనం లేదు. పైథాన్ 3లో యూనికోడ్ ఆప్షన్‌ను కూడా ప్రత్యేకంగా రాయనక్కరలేదు, అది ముందే అమలులో ఉంటుంది.

6.4 గ్రెప్ కుటుంబంలో: 'వై' ఆప్షన్ 'ఐ'కి పాత పేరు మాత్రమే. ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ అనే వేరే ఆదేశాలను వాడితే, 2022లో వచ్చిన గ్ను గ్రెప్ 3.8 నుంచి హెచ్చరిక వస్తుంది. వాటికి బదులు గ్రెప్‌తోనే పెద్ద బడి 'ఇ', 'ఎఫ్' ఆప్షన్లను వాడాలి.

7. తెలుగు లిపి అడిగే ప్రశ్నలు

పైన చెప్పినవన్నీ తెలిసినా, తెలుగు సమాచారం మీద పనిచేసేటప్పుడు మరికొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది. మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటరుకు అనేక సంకేతాలు కావచ్చు. 'దిల్' అనే మాటలో ద, గుడి, ల, పొల్లు కలిపి నాలుగు సంకేతాలున్నాయి. చుక్క గుర్తు వీటిలో ఒకదానితోనే సరిపోతుంది. అలాగే బహా?దూర్ అనే నమూనాలో ప్రశ్నార్థకం 'హా' మొత్తానికి కాక దాని దీర్ఘానికి మాత్రమే వర్తిస్తుంది. అందుకే అది 'బహదూర్', 'బహాదూర్' రెండింటినీ పట్టుకుంటుంది. [ిీ] అని గుడిని, గుడి దీర్ఘాన్ని పక్కపక్కన పెట్టి 'బి', 'బీ' రెండింటినీ పట్టుకోగలగడానికీ కారణం ఇదే.

రెండోది. 'పద సంకేతం' అనే తరగతి ఒక్కో భాషలో ఒక్కో విధంగా ఉంటుంది. పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ గుణింతపు గుర్తులను, పొల్లును పద సంకేతాలుగా లెక్కించదు. 'తెలుగు' అనే మాటను ఆ తరగతితో వెతికితే త, ల, గ అనే మూడు ముక్కలు వస్తాయి. 'నగర' అని పూర్తి పదంగా వెతికితే 'నగర్' లోపల కూడా దొరుకుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ తరగతి ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, అడుగు గీతకు పరిమితం. పెర్ల్ మాత్రం గుణింతపు గుర్తులను కలుపుకుంటుంది. కాబట్టి తెలుగు పదాలకు యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 3072 నుంచి 3199 వరకు గల సంకేతాల శ్రేణిని నేరుగా వాడటం మంచిది. జావాస్క్రిప్ట్‌లో 'యు' ఆప్షన్ పెడితే 'తెలుగు లిపి' అనే లక్షణం పేరుతోనే వెతకవచ్చు. ఈ సౌకర్యం 2018 ప్రమాణంతో వచ్చింది.

మూడోది. 'దిల్‌సుఖ్‌నగర్' అని ఒత్తు పడకుండా రాయడానికి పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక సంకేతాన్ని టైపు చేస్తాం. దాని సంఖ్య 8204. అది తెలుగు శ్రేణిలో లేదు. తెరమీద రెండు పేర్లు ఒకేలా కనిపించినా, ఒకదానిలో అది ఉండి మరోదానిలో లేకపోతే కంప్యూటరు వాటిని వేర్వేరుగా చూస్తుంది. అందువల్ల పొల్లు వచ్చే చోట ఖాళీతో పాటు ఈ సంకేతాన్ని కూడా కుండలీకరణంలో, దాని కోడ్ సంఖ్యతో, చేర్చాలి. లేదా వెతకడానికి ముందే దానిని తీసివేసిన ప్రతిని తయారుచేసుకోవాలి. ఏ ఆప్షనూ ఈ పని మన కోసం చేయదు.

నాలుగోది. పైథాన్ 3లో 'అంకె' తరగతి ౦ నుంచి ౯ వరకు గల తెలుగు అంకెలనూ స్వీకరిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో స్వీకరించదు. ౫౦౦౦౭౪ అని రాసిన పిన్ కోడ్ కావాలా, వద్దా అన్నది మీరు నిర్ణయించాలి. వద్దనుకుంటే [0-9] అని స్పష్టంగా రాయండి, లేదా పైథాన్‌లో ఆస్కీ ఆప్షన్ పెట్టండి.

8. నిర్ణయించే పద్ధతి

పాత ఆప్షన్ ఏదైనా ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇది పోలిక అర్థాన్ని మారుస్తుందా, లేక ఒకనాటి యంత్రపు వేగం కోసం పుట్టిందా? అర్థాన్ని మార్చే 'ఐ', 'ఎం', 'ఎస్' నిలిచాయి. వేగం కోసం పుట్టిన 'ఓ' అక్కరలేకుండా పోయింది.

రెండు: నేను వాడే భాషలో ఈ అక్షరానికి ఇదే అర్థం ఉందా? రూబీ 'ఎం' దీనికి ఉదాహరణ.

మూడు: నా సమాచారపు లిపిలో ఈ ఆప్షన్ ఆధారపడిన లక్షణం ఉందా? తెలుగులో పెద్ద, చిన్న బడి భేదం లేకపోవడం దీనికి ఉదాహరణ.

ఆప్షన్ సరైనదైనా నమూనా సరిగా లేకపోతే ఫలితం ఉండదని కూడా గుర్తుంచుకోండి. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ నెట్‌వర్క్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 27 నిమిషాలపాటు స్తంభించింది. ఒకే నమూనాలో .* ను మళ్లీ మళ్లీ వాడటం వల్ల ప్రాసెసర్లు ఆ పోలికల్లోనే చిక్కుకుపోవడం దానికి కారణం. కాబట్టి ఏ నమూనానైనా ముందుగా కొద్ది వరుసల మీద పరీక్షించండి. దొరికిన వరుసలతో పాటు దొరకని వరుసలను కూడా కళ్లతో చూడండి. తప్పిపోయిన విద్యార్థి కనిపించేది ఆ రెండో జాబితాలోనే.

సారాంశం

'ఐ', 'ఎం', 'ఎస్', 'ఎక్స్' ఆప్షన్లు పాతవే అయినా నేటికీ ఉపయోగకరం. 'జి' అవసరమే కాని జావాస్క్రిప్ట్‌లో జాగ్రత్త కావాలి. పెర్ల్ 'ఓ', పీహెచ్‌పీ 'ఇ', పైథాన్ లొకేల్, గ్రెప్ 'వై' వంటివి పాత ప్రోగ్రాములు చదవడానికి తెలిస్తే చాలు, కొత్తగా రాయకూడదు. తెలుగు సమాచారానికి ఆప్షన్ల కన్నా సంకేతాల అవగాహన ముఖ్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చిరునామాలు తెలుగులో మాత్రమే ఉన్న ఫైలులో 'ఐ' ఆప్షన్ పెడితే ఏమవుతుంది?
2. దిల్[ ]*సు[కఖ]్[ ]*నగర్ అనే నమూనా విభాగం 3లోని ఏ రూపాన్ని పట్టుకోలేదు? ఎందుకు?
3. తెలంగాణ వాహనాల నంబర్లకు ముందు 2014కు పూర్వం ఏపీ, ఆ తరువాత టీఎస్, 2024 నుంచి టీజీ అని ఉంటుంది. తెలుగులో రాసిన ఈ మూడింటినీ పట్టుకునే నమూనా రాయండి.

జవాబుల సూచనలు

1. ఫలితంలో ఏ మార్పూ ఉండదు.
2. 'దిల్‌సుఖ్‌నగర్' రూపాన్ని. అందులో పొల్లు తరువాత ఉన్న కనిపించని సంకేతం నమూనాలో లేదు.
3. (ఏపీ|టీఎస్|టీజీ). హ్రస్వంతో 'ఏపి', 'టిజి' అని రాసినవారిని కూడా పట్టుకోవాలంటే (ఏప[ిీ]|ట[ిీ](ఎస్|జ[ిీ])) అని రాయాలి.